ఏమీ దొరకని రోజు కూడా షీటు నింపాలి: చెన్నై తీరంలో తాబేళ్ల లెక్క నేర్పిన అనుభవం

2025 జనవరిలో చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కళేబరాలు వరసపెట్టి కొట్టుకొచ్చాయి. వెయ్యికి పైనే అని పత్రికలు రాశాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్ తనంతట తానే కేసు చేపట్టింది. శవపరీక్షల్లో ఊపిరాడక చనిపోయిన గుర్తులు కనిపించాయని వార్తలొచ్చాయి. ఆ తర్వాత నాకొచ్చిన మెసేజ్‌లన్నీ ఒకటే రకం: "మేడమ్, మేమూ ఏదో ఒకటి చేస్తాం, ఏం చెయ్యాలో చెప్పండి." వైజాగ్‌లో మెరైన్ బయాలజీ చదివేవాళ్లు, నెల్లూరు నుంచి జువాలజీ పిల్లలు, చెన్నైలోనే మూడు తరాలుగా ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాల వాళ్లు. తర్వాతి సీజన్‌కి వాళ్లలో కొందరిని ఒక బ్యాచ్‌గా చేసి, అడయార్ నది సముద్రంలో కలిసే చోటి నుంచి దక్షిణంగా నీలాంగరై దాకా ఉన్న ఇసుక మీద పని నేర్పాం. ఈ బ్యాచ్‌తో ఏం జరిగిందో, ఏది పనిచేసిందో, ఏ గొడవ ఇంకా తేలలేదో రాస్తున్నాను. ఇలాంటి శిక్షణ కాకినాడలోనో కళింగపట్నంలోనో పెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

సముద్ర శాస్త్రంలో ట్రైనింగ్ అనగానే పిల్లల బుర్రలో ఓడ తిరుగుతుంది, లేకపోతే డైవింగ్ సూటు. చెన్నైలో పెద్ద సంస్థలకు కొదవ లేదు. పళ్ళికరణైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ ఉంది, అక్కడే జాతీయ తీర పరిశోధన కేంద్రం ఉంది, ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజినీరింగ్ విభాగం ఉంది, శాంథోమ్‌లో జువలాజికల్ సర్వే వాళ్ల మెరైన్ బయాలజీ కేంద్రం ఉంది. వాటికి తీసుకెళ్లి నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత లోతు వారీగా కొలిచే సీటీడీని చూపించొచ్చు, పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు, ఆ తర్వాత ఎమ్మెస్సీ అయ్యేదాకా దాన్ని మళ్లీ ముట్టుకోరు. ఇలాంటి ట్రైనింగ్‌లు నేను చాలా చూశాను. సర్టిఫికెట్ బాగుంటుంది, చేతికి పని రాదు. అందుకే మేం దర్జీ టేపు, పెన్సిలు, అట్ట, ఒక స్ప్రే పెయింట్ డబ్బా, గ్లవ్స్ తప్ప ఇంకేం ఇవ్వలేదు. పెన్సిలు ఎందుకంటే ఉప్పునీళ్లు పడితే పెన్ను రాత చెరిగిపోతుంది. జీపీఎస్ అందరి ఫోన్లలోనూ ఉంది.

అనుమతి లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉండే జీవుల జాబితా, షెడ్యూల్ 1లో ఉంది, చచ్చిపోయినా సరే దాన్ని ముట్టుకోవాలంటే అటవీ శాఖ ఒప్పుకోవాలి. కాగితం చేతికొచ్చేదాకా పిల్లలు దూరం నుంచి చూసి రాసుకోవడమే. అనుమతి వచ్చాక కూడా శాఖ సిబ్బంది పక్కనుంటేనే టేపు పెట్టాలి. "చచ్చినదానికి కూడా పర్మిషనా?" అని విసుక్కున్నవాళ్లున్నారు. ఆ విసుగు త్వరగా పోగొట్టుకోవాలి, ఈ ఫీల్డులో సగం పని కాగితాలదే.

సున్నా రాయడం

తెల్లవారకముందే నడక. కారణం సింపుల్: పొద్దెక్కాక కార్పొరేషన్ వాళ్లు వస్తారు, కుక్కలు వస్తాయి, కళేబరం ఉన్నచోటే గొయ్యి తీసి పూడ్చేస్తారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క: బెసెంట్ నగర్, తిరువాన్మియూర్, కొట్టివాక్కం, పాలవాక్కం, నీలాంగరై. మొదట్లోనే నెల్లూరు కుర్రాడొకడు నడక ముగించుకుని టీ కొట్టు దగ్గరికి ఖాళీ చేతులతో వచ్చాడు.

"షీటేదిరా?"

"ఏం లేదు మేడమ్. ఒక్కటి కూడా కనపడలేదు."

"అదే రాయి."

"లేనిదాన్ని ఎలా రాస్తాం మేడమ్?"

వాడు హాస్యానికి అనలేదు. డిగ్రీలో మూడేళ్లు స్పెసిమెన్లు చూసి బొమ్మలు గీసిన పిల్లలకి, ఏదో ఒకటి దొరికితేనే పరిశీలన అయినట్టు. ఏమీ దొరకని పొద్దు వాళ్ల లెక్కలో వృథా. మా శిక్షణ మొత్తంలో నాకు ముఖ్యమైనది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది: ఏమీ కనపడని రోజు నింపిన షీటు లేకపోతే కనపడిన రోజు షీటుకి విలువ లేదు. ఎన్ని బంతులాడాడో చెప్పకుండా బ్యాట్స్‌మన్ కొట్టిన పరుగులు మాత్రం చెబితే ఎలా ఉంటుందో, ఎంత దూరం ఎన్నిసార్లు నడిచారో చెప్పకుండా ఇన్ని తాబేళ్లు చనిపోయాయి అనడం అలా ఉంటుంది.

బోర్డు మీద ఒక ఉత్తుత్తి లెక్క వేయించాను. ఒక వారం 4 కిలోమీటర్లు నడిచారు, 2 కళేబరాలు. ఇంకో వారం 24 కిలోమీటర్లు, 6 కళేబరాలు. ఏ వారం ఎక్కువ చనిపోయాయి? రెండో వారమే అని ముందు అందరూ అన్నారు, కిలోమీటరుకి ఎన్ని అని భాగించాక సగం అని తేలింది. ఇది ఐదో తరగతి లెక్క, చేయించకపోతే మాత్రం ఎవరికీ తట్టదు. ముఖ్యంగా 2025 లాంటి వార్తలొచ్చిన ఏడాది ఎక్కువమంది తీరానికి వెళ్తారు, ఎక్కువ ఫొటోలు వస్తాయి, ఎక్కువ కళేబరాలు నమోదవుతాయి. అందులో ఎంత నిజంగా పెరిగినది, ఎంత చూసే కళ్లు పెరగడం వల్ల వచ్చినది అని విడదీయాలంటే సున్నా షీట్లే దిక్కు. ఇదే తీరంలో 1988 నుంచి విద్యార్థులే నడుపుతున్న ఎస్‌ఎస్‌టీసీఎన్ అనే తాబేళ్ల సంరక్షణ బృందం ఉంది, గుడ్ల గూళ్ల కోసం వాళ్లు రాత్రిళ్లు నీలాంగరై, బెసెంట్ నగర్ మధ్య నడుస్తారు. ఏళ్ల తరబడి అదే ముక్క, అదే పద్ధతి. వాళ్ల రికార్డుకి ఉన్న బలం ఆ విసుగులోంచి వచ్చిందే.

సున్నాల్లో మళ్లీ రకాలున్నాయి, అసలు చర్చ ఇక్కడే బాగా సాగింది. నడిచాం, ఏమీ లేదు: ఒక సున్నా. నడవలేదు: ఇది సున్నా కాదు, ఖాళీ, దాన్ని అడ్డగీతతో చూపించాలి. నడిచాం కానీ అప్పటికే బీచ్ శుభ్రం చేసే ట్రాక్టరు తిరిగిన చాళ్లున్నాయి: ఇది అనుమానపు సున్నా, పక్కన రాయాలి. రాయపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, "మా ఇంటి దగ్గర ఎప్పుడూ ఒక్క తాబేలు కూడా ఒడ్డుకు రాదు మేడమ్, ఉత్తర చెన్నైలో చావులు లేవా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు హార్బరు కట్టారు. ఈ తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. హార్బరు గోడ దాన్ని ఆపేసింది, దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన ఇసుక అందక సముద్రం ఒడ్డుని కోసుకుంటూ పోయింది. అందుకే రాయపురం నుంచి పైకి బండరాళ్ల గోడలు పేర్చారు. బండరాళ్ల మీదికి కళేబరం వచ్చి నిలవదు, వచ్చినా సందుల్లో ఇరుక్కుపోతుంది. అక్కడి సున్నాని పాలవాక్కం సున్నాతో కలిపి కూడితే తప్పుడు లెక్కే. ఆ అమ్మాయి తన ఇంటి ముందున్న రాళ్ల గోడ చరిత్రని తాబేళ్ల షీటులో ఒక కాలమ్‌గా మార్చింది: "తీరం రకం". ఇప్పుడు అది మా షీటులో శాశ్వతంగా ఉంది.

కళేబరం పక్కన

వాసన గురించి పెద్దగా చెప్పను, రెండో రోజుకి అలవాటవుతుంది. గాలికి ఎదురుగా కాకుండా గాలి వీచే వైపు నుంచి దగ్గరికి వెళ్లాలని మాత్రం మొదటి రోజే నేర్చుకుంటారు.

చూడాల్సిన వరస ఇది. ముందు చుట్టూ ఒకసారి తిరగాలి, ఏదీ ముట్టుకోకుండా. మెడకో తెడ్డు కాళ్లకో వల పోగు చిక్కుకుందా? డిప్ప మీద కోతలున్నాయా? ఆ తర్వాత డిప్ప పలకలు లెక్కపెట్టాలి. నడిమి వరసకి ఇటూ అటూ ఉండే పక్క పలకలు పచ్చ తాబేలుకైతే ఒక్కో వైపు నాలుగే ఉంటాయి, ఆలివ్ రిడ్లీకి ఐదు నుంచి తొమ్మిది దాకా, చాలాసార్లు ఎడమకీ కుడికీ సంఖ్య కూడా కలవదు. "ఆరు, ఏడు" అని రాసిన షీటు చూసి లెక్క తప్పిందనుకుని ఒకడు రెండూ ఏడు చేసేశాడు. వాణ్ణి ఇంకో కళేబరం దగ్గర కూర్చోబెట్టి వేలు పెట్టి లెక్కించమన్నాను. అక్కడా రెండు వైపులా సమానం కాలేదు. ప్రకృతి సమంగా ఉండాలని మనం అనుకుంటాం కాబట్టి చెయ్యి తనంతట తానే దిద్దేస్తుంది, ఈ అలవాటు చిన్నప్పుడే విరవాలి.

తర్వాత తోక. పెద్ద మగదానికి తోక పొడుగ్గా, లావుగా డిప్ప దాటి బయటికి ఉంటుంది, ఆడదానికి పొట్టిగా డిప్ప అంచు దగ్గరే ఆగిపోతుంది. తోకని కుక్కలు కొరికేస్తే "తెలియదు" అని రాయాలి. ఆ తర్వాత టేపు: మెడ దగ్గర డిప్ప మొదలయ్యే చోటి నుంచి వెనక చివర దాకా నడిమధ్యగా, వంపు వెంబడి. బార్నకిల్స్ (డిప్పకి అతుక్కుని పెరిగే చిన్న గుల్లజీవులు) అంటుకుని ఉంటే టేపు వాటి మీదుగా పోకుండా చూసుకోవాలి, లేకపోతే కొలత పెరుగుతుంది.

కుళ్లిన స్థాయికి అంకెలు పెట్టాం: తాజాగా ఉన్నది, ఉబ్బినది, చర్మం ఊడుతున్నది, ఎముకలూ డిప్పా మాత్రమే మిగిలినది. కాగితం మీద తేలికే. ఇద్దరిద్దరిని ఒకే కళేబరం దగ్గరికి పంపి, మాట్లాడుకోకుండా విడివిడిగా రాయమంటే తేలిక కాదని తెలిసింది, ఒకరికి తాజాగా కనపడింది ఇంకొకరికి ఉబ్బినట్టుంది. అందుకని స్థాయిల పేర్లు తీసేసి గుర్తులు పెట్టాం: కళ్లు ఉన్నాయా, అడుగు డిప్ప చుట్టూ చర్మం బిగిసిందా, వేలితో తాకితే పలక కదులుతోందా. అవును, కాదు అని రాయడమే. అంకె మేం తర్వాత వేసుకుంటాం. రాతలు చాలావరకు కలవడం మొదలైంది. ఏ ఊళ్లో పెట్టినా ఈ జంటల పరీక్ష మానొద్దు, ఖర్చు లేదు, పిల్లలకి తమ చూపు మీద తమకే ఒక ఆరోగ్యకరమైన అనుమానం వస్తుంది.

పెయింటు డబ్బా ఎందుకంటే ఒకటే కళేబరాన్ని రెండుసార్లు లెక్కపెట్టకుండా. రాత్రి పోటు నీళ్లొచ్చి పాలవాక్కంలో ఉన్నదాన్ని తీసుకెళ్లి మర్నాడు కొట్టివాక్కంలో పడేస్తుంది. పూడ్చినవాటిని కుక్కలు తవ్వి పైకి తెస్తాయి. డిప్ప మీద పెద్ద గీత ఉంటే దూరం నుంచే తెలుస్తుంది. వారానికో రంగు మార్చాం. వాకింగ్‌కి వచ్చే పెద్దాయన ఒకరు, "పాపం, చచ్చిపోయిన జీవికి రంగులేంటమ్మా?" అని గట్టిగానే కోప్పడ్డారు. ఆయనకి ఓపిగ్గా చెప్పిన అమ్మాయి ఆ సీజన్ అయ్యేసరికి బాగా మాట్లాడటం నేర్చుకుంది, ఇది మా సిలబస్‌లో లేదు.

"కారణం" అనే కాలమ్

అసలు తగువంతా ఈ కాలమ్‌తోనే. బ్యాచ్‌లో సగం మంది ప్రతి షీటులోనూ "ట్రాలర్" (వల ఈడ్చే మరబోటు) అని రాసుకొచ్చారు.

వాళ్లు చెప్పింది అబద్ధం అనను. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ఈ తీరంలో జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆడతాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి. అదే నీళ్లలో రొయ్యలు కూడా ఉంటాయి. అడుగున గంటల కొద్దీ ఈడ్చే ట్రాల్ వలలో పడ్డ తాబేలు పైకొచ్చి ఊపిరి తీసుకోలేక మునిగి చనిపోతుంది. గుడ్లు పెట్టే కాలంలో తీరానికి 5 నాటికల్ మైళ్ల లోపల ట్రాలింగ్ చేయకూడదనే ఆంక్ష తమిళనాడులో ఉంది కూడా. ఇదంతా నిజమే. కానీ కాళ్ల దగ్గర పడున్న ఈ కళేబరం అలాగే పోయిందని దర్జీ టేపు చెప్పదు. కళ్లు ఉబ్బి బయటికొచ్చాయి, మెడ వాచింది అంటారు. కుళ్లేటప్పుడు లోపల గ్యాసు పెరిగినా కళ్లు అలాగే ఉబ్బుతాయి. ప్రొపెల్లర్ కోత ఉంటుంది, బతికుండగా తగిలిందో చచ్చి తేలుతుంటే తగిలిందో బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. లోపల కోసి చూడాల్సింది పశువైద్యుడు, అదీ కళేబరం తాజాగా ఉంటేనే.

ఆ కాలమ్‌ని రెండు చేశాం: "కనపడింది", "అనుకుంటున్నది". రెండోదాంట్లో రాస్తే ఎందుకలా అనుకుంటున్నారో ఒక్క ముక్కయినా రాయాలి. కొన్నాళ్లకి రెండో కాలమ్ చాలావరకు ఖాళీగా రావడం మొదలైంది, మొదటిది నిండుగా. మంచి మార్పు. ఒక రోజు మాత్రం అందులో "వల పోగు ఎడమ ముందు కాలికి మూడు చుట్లు, చర్మం కోసుకుపోయి లోపలికి దిగింది, బతికుండగా చాలాసేపు పెనుగులాడినట్టుంది" అని ఉంది. అలాంటి అనుమానానికి నేను గౌరవమిస్తాను.

ఒక్కో కళేబరం చెప్పలేనిది మొత్తం లెక్క చెప్పగలదా? వైజాగ్ అమ్మాయి ఒక ఆలోచన తెచ్చింది: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కదా, అప్పుడు కళేబరాలు తగ్గితే ట్రాలర్లే కారణం అని తేలినట్టేగా? వినడానికి బాగుంది, బ్యాచ్ మొత్తం చప్పట్లు కొట్టింది. కాసేపటికి ఇంకొకడే అడ్డం తిరిగాడు, "అప్పటికి గుడ్లు పెట్టే సీజనే అయిపోతుంది, తాబేళ్లే ఉండవు, ఇంక చచ్చేవెక్కడివి?" ఇద్దరూ కొట్టుకోకుండా కూర్చుని సీజన్ మధ్యలోనే బోట్లు కదలని రోజులు వెతికారు. పొంగల్‌కి కొన్నాళ్లు వేటకి వెళ్లరు. సముద్రం పోటు మీదుంది, వెళ్లొద్దని వాతావరణ హెచ్చరిక వస్తే వెళ్లరు. ఆ రోజులకీ, అవి దాటాక కొన్నాళ్లకీ కిలోమీటరుకి ఎన్ని వచ్చాయో పోల్చాలి. కొన్నాళ్లు ఎందుకంటే, చనిపోయిన తాబేలు ముందు మునుగుతుంది, లోపల గ్యాసు పట్టాక తేలుతుంది, తేలాక గాలి, ప్రవాహం ఒడ్డుకు నెట్టాలి. ఆ ఆలస్యం ఎంతో పట్టుకోవడమే వాళ్ల ప్రాజెక్టు అయింది. ఒక్క సీజన్‌తో తేలే విషయం కాదు, అదీ రిపోర్టులో రాశారు. నాకు ఈ బ్యాచ్‌లో అన్నిటికంటే నచ్చిన పని ఇది.

ప్రవాహం సంగతి కొబ్బరికాయలతో నేర్పాం. బంగాళాఖాతం పశ్చిమ అంచున ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది: ఈశాన్య రుతుపవనాల నెలల్లో దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మెల్లగా ఉత్తరానికి. అంటే జనవరి మొదట్లో నీలాంగరైలో పడ్డ కళేబరం ఉత్తరం నుంచి, మార్చిలో పడ్డది దక్షిణం నుంచి వచ్చి ఉండొచ్చు. పుస్తకంలో చదివితే రెండు వాక్యాలు. తెలిసిన వాళ్ల ఫైబర్ బోటులో వెళ్లి, నంబరు వేసిన కాయలు వదిలి, ఎక్కడ తేలతాయో వెతికితే ఒంటికి పడుతుంది. కాయ నీళ్లలో చాలా భాగం మునిగి తేలుతుంది కాబట్టి గాలికి మరీ కొట్టుకుపోదు, ప్లాస్టిక్ కాదు కాబట్టి సముద్రానికి నష్టం లేదు. చాలా కాయలు తిరిగి రాలేదు. ఒకటి పట్టినపాక్కం దగ్గర ఎవరింటికో వెళ్లి పచ్చడైందని తెలిసింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు రోజూ ఇచ్చే సముద్ర స్థితి అంచనాలని పిల్లలు అప్పటిదాకా ఫోన్లో ఒక్కసారీ తెరవలేదు, కాయలు వదిలాక పొద్దున లేవగానే అదే చూసేవాళ్లు.

కాసిమేడు

ఒడ్డు మీద లెక్క ఒక వైపు. రెండో వైపు కాసిమేడు ఫిషింగ్ హార్బరు. అక్కడి మరబోట్ల మీద మనవాళ్లు చాలామంది పనిచేస్తారు, శ్రీకాకుళం, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. తమిళం మాత్రమే వచ్చిన విద్యార్థులకి దొరకని మాటలు ఈ బ్యాచ్‌కి దొరికాయి. మొదటిసారి వెళ్లినప్పుడు పిల్లల మొహాల్లో కోపం స్పష్టంగా కనపడింది, తాబేళ్లని చంపేవాళ్ల దగ్గరికి వచ్చామన్నట్టు. అలాంటి మొహంతో వెళ్తే ఎవరూ ఏమీ చెప్పరు. రెండోసారి నోటుబుక్కులు సంచిలో పెట్టించి, వల బాగుచేస్తున్న వాళ్ల పక్కన ఊరికే కూర్చోమన్నాను.

సోంపేట వైపు అమ్మాయి ఒకతి మా బ్యాచ్‌లో ఉంది. "బాబాయ్, మీదే ఊరు?" అని మొదలుపెట్టింది, పక్క ఊరే అని తేలింది, అంతే, ఆయన మాట ఆగలేదు. తాబేలు వల్ల వల చిరుగుతుంది, దాన్ని తీసి పారేసేసరికి టైము పోతుంది, ఎవరికీ ఇష్టం లేదు అది పడటం. మరి తాబేలు బయటికి పోయే చట్రం వలకి పెట్టుకోవచ్చుగా అని అడిగింది. టెడ్ అంటారు దాన్ని, వల లోపల వాలుగా ఇనుప ఊచల చట్రం, దాని దగ్గరే ఒక కంత. రొయ్యలు, చిన్న చేపలు ఊచల మధ్య నుంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు ఊచలకి తగిలి కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకి సరిపోయేలా ఒకటి తయారుచేసింది కూడా.

"ఏటి సేస్తామమ్మా," అన్నాడాయన, "ఆ కంతలోంచి పెద్ద సేపలు కూడా పోతాయంటారు. డీజిలు, ఐసు కర్సు తీసేసాక మిగిలిందాంట్లోనే మా వాటా. తగ్గితే ఓనరుకి ఒక బోటులో తగ్గుద్ది, నాకు ఇంట్లో తగ్గుద్ది."

ఆ అమ్మాయి ఆ రోజు టీ తాగేటప్పుడు కూడా ఏమీ మాట్లాడలేదు. తర్వాత క్లాసులో టెడ్ చరిత్ర చెప్పినప్పుడు అందరూ నిటారుగా కూర్చుని విన్నారు: టెడ్ వాడని దేశాల రొయ్యలు కొనబోమని అమెరికా అనడం, భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్లడం, 1998లో తీర్పు రావడం, 2019లో మన సముద్రపు రొయ్యలకి మళ్లీ అమెరికా తలుపు మూయడం. కాసిమేడులో ఒక కళాసీ వాటాకీ ఎక్కడో జెనీవాలో జరిగిన వాదనకీ సంబంధం ఉందని అర్థమైతే సముద్ర సంరక్షణ అంటే బయాలజీ ఒక్కటే కాదని వేరే చెప్పక్కర్లేదు.

మేం అక్కడ చెప్పి వచ్చిందీ ఉంది. వలలో వచ్చిన తాబేలు కదలకపోయినా చచ్చిందనుకుని వెంటనే నీళ్లలో వెయ్యొద్దు, వేస్తే నిజంగానే మునిగిపోతుంది. బోర్లాగే ఉంచి, వెనక భాగం జానెడు ఎత్తుగా పెట్టి, నీడలో, తడిగుడ్డ కప్పి వదిలేస్తే ఊపిరితిత్తుల్లో నీళ్లు కారిపోయి తేరుకోవచ్చు, కొన్నిసార్లు 24 గంటల దాకా పడుతుంది. బోటు పక్కకి కట్టే పాత టైరు దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆ బాబాయే తర్వాతెప్పుడో అమ్మాయికి ఫోన్ చేసి, "సచ్చిందనుకున్నది కాళ్లాడించిందమ్మా" అని చెప్పాడు.

ఇక్కడే తేలని గొడవ ఒకటి. కాసిమేడులో రాసుకునే దాంట్లో మనిషి పేరు, బోటు నంబరు, ఫొటో ఉండకూడదని మా నియమం. షెడ్యూల్ 1 జంతువు వలలో పడిందని ఒప్పుకోవడం ఆ మనిషికి ప్రమాదం. చెన్నై కుర్రాడొకడు దీన్ని అస్సలు ఒప్పుకోలేదు. "నిషేధం ఉన్న చోట వేటాడిన బోటు నంబరు తెలిసీ రాయకపోతే మనమూ వాళ్లతో కలిసినట్టే కదా మేడమ్?" అన్నాడు. బోట్లని పట్టుకోవడానికి మత్స్యశాఖ ఉంది, మెరైన్ పోలీసులున్నారు, కోస్ట్ గార్డ్ ఉంది. మనం ఇన్ఫార్మర్లయిన రోజు ఆ హార్బరులో ఒక్కరూ నోరు విప్పరు, వచ్చే ఏడాది బ్యాచ్‌కి కూడా. నా అభిప్రాయం ఇది. వాడికి నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు, రిపోర్టులో తన భిన్నాభిప్రాయం ఒక పేరాగా రాస్తానంటే రాయమన్నాం.

ఫలితం

షీట్లు, సున్నాలతో సహా, అటవీ శాఖకి ఇచ్చాం. వాటితో ఈ తీరంలో మొత్తం ఎన్ని తాబేళ్లు చనిపోయాయో చెప్పలేం, ఎందుకంటే సముద్రంలో చనిపోయినవాటిలో కొంత భాగమే ఒడ్డుకి చేరుతుంది. ఏ ముక్కలో, ఏ వారంలో, కిలోమీటరుకి ఎన్ని అనేది చెప్పగలం. ఒక రిపోర్టరు ఫోన్ చేసి ఒక్క నంబరు ఇవ్వమంటే వైజాగ్ అమ్మాయే మాట్లాడి, నంబరుతో పాటు ఎన్ని కిలోమీటర్లు నడిచామో కూడా వేస్తేనే ఇస్తానంది. ఆయన వెయ్యనన్నాడు, ఆమె ఇవ్వలేదు.

ఈ ఫీల్డుకి రావాలనుకునేవాళ్లకి నేను తరచూ చెప్పే పేరు సతీష్ భాస్కర్. 1970లలో ఐఐటీ మద్రాసులో చదువు వదిలేసి మద్రాసు స్నేక్ పార్కు తరఫున దేశ తీరంలో చాలా భాగం కాలినడకన తిరిగి తాబేళ్ల సర్వే చేసిన మనిషి. 1982లో లక్షద్వీప్‌లోని సుహేలి దీవిలో వర్షాకాలమంతా ఒంటరిగా ఉండి, భార్యకి రాసిన ఉత్తరం సీసాలో పెట్టి సముద్రంలో వేస్తే అది శ్రీలంకలో తేలింది. 2023లో కన్నుమూశారు. పిల్లలకి ఆ సీసా కథ నచ్చుతుంది, నేను మాత్రం ఆయన ఎక్కడ నడిచిందీ, ఎక్కడ ఏమీ దొరకనిదీ ఓపిగ్గా రాసుకున్న సంగతే మళ్లీ మళ్లీ గుర్తుచేస్తాను.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. అందరూ సైంటిస్టులు కాలేదు. ఇద్దరు ముగ్గురు పీహెచ్‌డీ ప్రయత్నాల్లో ఉన్నారు, వాళ్లలో ఒకరికి గుడ్లు పొదిగించే హ్యాచరీల్లో ఇసుక వేడి మీద ఆసక్తి, ఎందుకంటే గుడ్డులో పిల్ల ఆడా మగా అనేది ఆ వేడి మీదే ఆధారపడుతుంది, వేడెక్కువైతే ఆడవే ఎక్కువ. నెల్లూరు కుర్రాడు బ్యాంకు పరీక్షలకి కోచింగ్‌లో చేరాడు. వాళ్ల నాన్నగారు నాకు ఫోన్ చేసి "సముద్రం ఒడ్డున తిరిగితే ఉద్యోగం వస్తుందా మేడమ్?" అని అడిగారు, ఆ టెన్షన్ న్యాయమైనదే. పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్, 2023లో నెలకి 37,000 రూపాయలు చేశారు, కానీ అది దొరికేది నెట్ లాంటి పరీక్ష గట్టెక్కినవాళ్లకి, మిగతావాళ్లకి ప్రాజెక్టు ఉన్నంత కాలమే జీతం. మొదటి రోజే ఈ మాట చెప్పేస్తే మంచిది, ఆదర్శాలు చెప్పి పిల్లల్ని దింపి తర్వాత చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం ఉండదు.

వచ్చే సీజన్‌కి మూడు మార్పులు అనుకుంటున్నాం. నడక జనవరిలో కాకుండా డిసెంబరు మొదట్లోనే మొదలవ్వాలి, తాబేళ్లు రాకముందు సున్నాలు చేతిలో ఉండేలా. పులికాట్ వైపు ఒక ఇసుక ముక్క కలపాలి, అక్కడ సరస్సు ఒడ్డున ఉన్న తెలుగు ఊళ్ల పిల్లలే నడిస్తే ఇంకా మేలు. బోటు నంబర్ల గొడవ బ్యాచ్ మొదటి రోజే చర్చకి పెడతాం, ఆ చెన్నై కుర్రాడినే వచ్చి తన వైపు వాదించమని అడిగాను, వస్తానన్నాడు.